ఆ తాత నటించడం లేదు

మట్టావా, ఒంటారియో
2 డిసెంబర్ 2008, మంగళవారం

బ్రిజిట్ తల్లీ,

నీ సినిమా చూశాం. శనివారం సాయంత్రం ఏడింటికి టీవీలో వేస్తారని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఆరింటికల్లా మా ముందుగదిలో పధ్నాలుగు మంది చేరారు. కుర్చీలు చాలక పక్కింటి పిలాన్ దంపతులు మెట్లమీద కూర్చున్నారు. ఏ ఇంట్లో తీశావో ఆ ఇంట్లోనే కూర్చుని చూడటం ఎలా ఉందో చెప్పలేను. తెరమీద నా సోఫా, కింద నేను కూర్చున్న సోఫా, రెండూ ఒకటే. ఒకసారైతే నేను లేచి తెరమీదున్న దిండు సర్దబోయాను.

నవ్వారు తల్లీ, బాగానే నవ్వారు. కాకపోతే పిలాన్ ఆవిడ నోరు ఊరుకోదు కదా. "క్రిస్మస్ నాడు కిటికీ బయట మేపుల్ చెట్టుకి అంత పచ్చటి ఆకులేంటి వెర్నా?" అంది. "ఆగస్టులో తీస్తే ఆకులుండవా? నువ్వు కిటికీ చూడటానికొచ్చావా, సినిమా చూడటానికొచ్చావా?" అన్నాను. ఆ ఎండలో స్వెటర్లేసుకుని మీరంతా ఎలా చెమటలు కక్కారో, పరుపులోని దూది పీకి మంచులా ఎలా చల్లారో వాళ్ళకేం తెలుసు?

మీ నాన్న వెనకాల తలుపు దగ్గర నిలబడే చూశాడు. ఎంత పిలిచినా కూర్చోలేదు. తాత వేషంలో ఫ్రిజ్ తలుపు తెరిచి, క్రిస్మస్ టర్కీ కోడి చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడిపోతాడే, ఆ సీన్ రాగానే గదంతా ఒకటే నవ్వు. నేను వెనక్కి తిరిగి చూద్దును కదా, ఎల్డన్ లేడు. బయట పార పట్టుకుని పిలాన్ వాళ్ళ దారిలో మంచు తోస్తున్నాడు. తోయడానికి పెద్దగా మంచు కూడా లేదు. సిగ్గేమో అనుకున్నాను. డెబ్భయ్యో ఏట పడుతూ మొదటిసారి టీవీలో కనిపిస్తే ఎవరికైనా అంతే.

ఇవాళ పొద్దున్న లైబ్రరీకెళ్ళి నువ్వు చెప్పిన ఆ సినిమాల సైట్ తెరిపించుకున్నాను. "టర్కీ ఎవరు తెచ్చారు?" అన్న నీ సినిమా పేరు కింద అప్పుడే ముప్ఫై ఒక్క అభిప్రాయాలు! అన్నీ చదివాను. ఒకాయన కథంతా రాసి పారేశాడు: "మతిమరుపు తాత టర్కీ కొనడం మర్చిపోతాడని ఇంట్లో ప్రతివాళ్ళూ రహస్యంగా ఒక్కోటి కొంటారు. తాత రెండు కొంటాడు. మొత్తం ఏడు టర్కీలు, ఒక్కటే పొయ్యి. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదు." ఇంకొకడు, "మొదట్లో కుక్క నల్లగా ఉంది, తర్వాత గోధుమరంగుకి మారింది, ఎవరూ పట్టించుకోలేదు" అని రాశాడు. మొదటి కుక్క మూడోరోజు పారిపోతే నువ్వేం చేస్తావు? కానీ ఒకామె రాసింది చూడు: "ఈ సినిమాలో అందరికన్నా చెత్తగా నటించింది ఆ గోడలకి అంటించిన పూల కాగితం." ఆ కాగితం మీ లియొనార్డ్ మామయ్యా నేనూ డెబ్భై నాలుగులో నిచ్చెనెక్కి మా చేతుల్తో అంటించాం. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఒక్క అంచు కూడా లేవలేదు.

పోన్లే. మంచివి కూడా వస్తున్నాయి, గమనించావా? పదికి పది ఇచ్చినవాళ్ళున్నారు. జనంలో మనసున్నవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు.

ఉత్తరం రాయి. ఫోన్లో అయితే నువ్వు సగంలోనే "ఉంటాను అత్తా" అనేస్తావు.

నీ అత్త,
వెర్నా


టొరంటో
6 డిసెంబర్ 2008

అత్తా,

నీ ఉత్తరం రాగానే మెట్లమీదే నిలబడి చదివేశాను. నాకిక్కడ ఏ పని మీదా మనసు నిలవడం లేదు. అన్నం ముందు కూర్చుంటే కంప్యూటర్ గుర్తొస్తుంది, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఫోన్ మోగినట్టనిపిస్తుంది. గంటకోసారి ఆ సైట్ తెరుస్తున్నాను. నిన్నటికి యాభై ఎనిమిది. ఎవరో నన్ను "ఈ దర్శకురాలికి ఇంకో ఉద్యోగం చూపించండి" అన్నారు. ఆ ఒక్క వాక్యం నాలుగు రోజులుగా తలలో తిరుగుతోంది. మెచ్చుకున్నవాళ్ళ మాటలు ఒక్కటీ గుర్తుండవేంటో!

ఒక సంగతి మాత్రం నిజం. సినిమాని తిట్టినవాళ్ళు కూడా నాన్నని తిట్టలేదు. "తాత ఒక్కడి కోసం చివరిదాకా కూర్చున్నాను" అని ముగ్గురు రాశారు. "ఆ ముసలాయన ఏ నాటకాల కంపెనీ మనిషి?" అని ఒకరు అడిగారు. ముప్ఫై ఏళ్ళు మునిసిపాలిటీకి రోడ్ల మీద మంచు తోసే బండి తోలిన మనిషని చెబితే నమ్ముతారా? తాత వేషానికి మేం మాట్లాడుకున్న నటుడు ముందురోజు నడుం పట్టేసి రాలేనన్నాడు కదా. నాన్న రాకపోతే సినిమానే లేదు.

ఆ ఫ్రిజ్ సీన్ ఉంది చూశావా, అది నేను రాసింది కాదు. స్క్రిప్టులో ఆయన టర్కీ లోపల పెట్టి "ఇప్పుడు ఎవరేమంటారో చూస్తాను" అనాలి. ఆయన అనలేదు. అలా నిలబడిపోయాడు, పదకొండు సెకన్లు. నేను లెక్కపెట్టాను, ఎడిటింగ్‌లో నూరుసార్లు చూశాను కాబట్టి తెలుసు. కెమెరా వెనక మేమంతా చొక్కా చేతులు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నాం. తర్వాత నాన్నే వచ్చి, "అది తీసెయ్యకు" అన్నాడు. తీసెయ్యలేదు. సినిమా మొత్తానికి బాగున్న ముక్క అదే.

నాన్న ఫోన్ ఎత్తడం లేదు. నా మీద కోపమా? మధ్యలో బయటికెళ్ళాడంటున్నావు, నచ్చలేదా? నువ్వు మెల్లిగా అడిగి చూడు, నేనడగమన్నానని మాత్రం చెప్పకు.

గురువారం చానల్ ఆవిడ మాట్లాడతానంది. ఏమంటుందో.

నీ
బ్రిజిట్


మట్టావా
11 డిసెంబర్ 2008

బ్రిజిట్,

ఈసారి సినిమా కబుర్లు లేవు. ఇది నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే రాయలేకపోతున్నాను.

మంగళవారం నేను లైబ్రరీలో ఉండగానే కొత్త అభిప్రాయం ఒకటి పడింది. థండర్ బేలో ఎవరో నర్సట. పేరు సరిగ్గా లేదు, ఏదో పొట్టి పేరు పెట్టుకుంది. లైబ్రరీ అమ్మాయి చేత కాగితం మీద తీయించాను. ఉన్నదున్నట్టు దించుతున్నాను, చదువు:

"నేను వృద్ధాశ్రమంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ సినిమాకి రెండుసార్లు నవ్వాను. మూడోసారి, ఆ ఫ్రిజ్ దగ్గర, నవ్వు రాలేదు. ఆ తాత నటించడం లేదు. ఆయన చేతులు చూడండి. టర్కీని ఎక్కడ పెట్టాలో కాదు, తన చేతిలో ఉన్నదేంటో తెలియడం లేదు. తర్వాత నవ్వేస్తారు, ఎదుటివాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి. నేను రోజూ చూసే నవ్వు అది. ఆయన సొంతవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, దయచేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నా మాట తప్పయితే క్షమించండి."

చదివి ఇంటికెలా నడిచొచ్చానో తెలీదు. దారంతా ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. మీ నాన్నని ఆదివారం భోజనానికి రమ్మంటే సోమవారం వచ్చాడు, వచ్చి "ఇంకెవరూ రాలేదేం?" అన్నాడు. అక్టోబర్‌లో వాళ్ళింట్లో రొట్టెల డబ్బాలో పాలసీసా చూశాను. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఒంటరివాడు, ఏదో పరధ్యానం అనుకున్నాను. నేను రోజూ చూస్తూ కూడా గుడ్డిదాన్నయ్యాను, ఒప్పుకుంటాను.

కానీ నువ్వు? ఎనిమిది రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా తమ్ముణ్ణి కెమెరా ముందు పెట్టుకున్నావు. ఆ ముక్క నూరుసార్లు చూశానని నువ్వే రాశావు. నూరుసార్లలో ఒక్కసారైనా వాడి చేతులు చూడలేదా? లేకపోతే చూసి కూడా, జనం నవ్వుతారని ఉంచేశావా?

జవాబు రాయి. తొందరగా.

వెర్నా అత్త


టొరంటో
15 డిసెంబర్ 2008

అత్తా,

కాగితం ముందు కూర్చోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కోపంతో.

నీ దగ్గర దాచి లాభం లేదు, నాకు తెలిసిపోయింది. "హాయిగా నవ్విన అమ్మమ్మ", "నార్త్ బే నుంచి ఒక సోదరి", "సినిమా ప్రియుడు 1938", "మంచు పిల్ల" ఈ నలుగురూ ఎవరు అత్తా? నలుగురూ మంగళ, శుక్రవారాల్లో, పది నుంచి పదకొండు లోపే రాశారు. లైబ్రరీలో నీకు కంప్యూటర్ ఇచ్చే గంట అదే. నలుగురూ "కడుపు చెక్కలయ్యేలా నవ్వాం" అన్నారు. పదికి పదిచ్చారు. అన్నింటికన్నా, నలుగురికీ ఆ గోడ కాగితం తెగ నచ్చేసింది! ప్రపంచంలో ఆ కాగితాన్ని మెచ్చుకునే మనిషి ఒక్కతే ఉంది. ఈ సంగతి నేనొక్కదాన్నే కనిపెట్టలేదు. "ఈ పదులన్నీ డైరెక్టరమ్మ చుట్టాలవి" అని ఒకడు రాసి పెట్టాడు కూడా. అందరి ముందూ నా తల తీసేసినట్టయింది.

ఇప్పుడు అయిదోది. మంగళవారం, పదిన్నరకి. నువ్వు లైబ్రరీలో కూర్చున్నప్పుడే పడిందట! ఎక్కడో థండర్ బేలో నర్సుకి, మా నాన్న చేతుల్లో ఏముందో తెలిసిపోయిందట! నన్ను ఇంటికి రప్పించడానికి నువ్వు ఇదివరకు గుండెనొప్పి నాటకం ఆడావు, గుర్తుందా? నేను టొరంటో వచ్చిన కొత్తలో. అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చాను, నువ్వు కేక్ కోస్తున్నావు.

చానల్ ఆవిడ గురువారం మాట్లాడింది. వాళ్ళకి రెండో సినిమా కావాలట. మార్చిలో. ఒకే ఒక్క షరతు: అదే తాత ఉండాలి. జనం రాసినవన్నీ చదివి చెప్పింది ఆవిడ. ఏడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే ఇన్నాళ్ళకి ఒక తలుపు తెరుచుకుంది. సరిగ్గా అదే వారం నీ నర్సు పుట్టుకొచ్చింది.

నాన్నే అన్నాడు అత్తా, "అది తీసెయ్యకు" అని. తనకి తెలిసి చేసిందే అది.

ఈ క్రిస్మస్‌కి నేను రావడం లేదు. విండ్సర్‌లో ఎవరిదో ప్రకటన షూటింగ్ ఉంది, వెళ్తున్నాను. నాన్నకి నేనే చెబుతాను.

బ్రిజిట్


మట్టావా
18 డిసెంబర్ 2008, గురువారం

బ్రిజిట్ తల్లీ,

ఆ నాలుగూ నేనే. "ఈ దర్శకురాలికి ఇంకో ఉద్యోగం చూపించండి" అన్నది మొదటిరోజే నా కంట పడింది. నీకన్నా ముందే నేను చదివాను. నువ్వు చదివేలోపు దాన్ని కిందికి నెట్టేద్దామని ఒక వేలితో టైపు చేసుకుంటూ కూర్చున్నాను. అలా చేస్తే నీ పరువు పోతుందని తట్టలేదు. క్షమించు.

అయిదోది నాది కాదు. లియొనార్డ్ మీద ఒట్టు. అలా రాయడం నాకు చేతనయితే ఈ బతుకంతా బడి వంటింట్లో ఎందుకుంటాను? కేక్ సంగతి కూడా నిజమే. అప్పుడు అబద్ధమాడాను. ఇప్పుడు ఆడటం లేదు. ఇంక నీకెలా చెప్పాలో నాకు తెలీదు.

రేపు పోస్టు చేస్తాను.

20వ తేదీ, శనివారం

నిన్న పోస్టు చెయ్యలేదు. నీకు ఫోన్ చేశాను, సందేశం పెట్టమని నీ మెషిన్ మాట్లాడింది. "నాన్న దొరికాడు, బాగానే ఉన్నాడు, ఉత్తరం రాస్తున్నాను" అన్నాను. అది విని నువ్వేం అనుకుంటావోనని మళ్ళీ చేశాను, మళ్ళీ మెషినే. అందుకే అంతా రాస్తున్నాను, నువ్వు విండ్సర్ నుంచి రాగానే చదవాలి.

నిన్న పొద్దున్న తొమ్మిదింటికి ఎల్డన్ ట్రక్కు వేసుకుని బయల్దేరాడు. ఎక్కడికని పిలాన్ అడిగితే "పనికి" అన్నాడట. పిలాన్ నవ్వి చెయ్యూపాడు. మీ నాన్న రిటైరై ఎనిమిదేళ్ళయింది కదా, జోక్ అనుకున్నాడు.

పాత మంచు బండి దారుల్లో తిరిగాడట. బాన్‌ఫీల్డ్ అవతల ఒక దారి చివర ట్రక్కు పక్కకి ఒరిగిపోయింది. దిగి నడిచాడు. ఎంతసేపు నడిచాడో వాడికీ తెలీదు. మధ్యాహ్నం రెండింటికి ఒక పొలం ఇంటి తలుపు తట్టాడు. ఆర్మాండ్ అని ఒకాయన, ఆయన భార్య జినెట్ అక్కడుంటారు. వాళ్ళు తలుపు తీసి, ఒక్క కేక పెట్టారట, "అరె, టర్కీ తాత!" అని. మూడు వారాల కిందటే చూశారట నీ సినిమా. పిల్లల్ని పిలిచారు. లోపలికి తీసుకెళ్ళి టీ ఇచ్చారు. వీడు "మా ఇల్లు ఎటు?" అని అడిగాడట. వాళ్ళు పగలబడి నవ్వారు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ నవ్వారు. "సినిమాలో ఎలాగో ఇక్కడా అలాగే చేస్తున్నాడు చూడండి" అని పిల్లలు చప్పట్లు కొట్టారట. వీడూ నవ్వాడు తల్లీ, వాళ్ళతో పాటు.

అరగంట అలా గడిచాక జినెట్ బూట్లు చూసింది. ఎడమకాలికి బూటు లేదు. మేజోడు గడ్డకట్టి కర్రలా ఉంది. అప్పుడు ఆగిందట ఆవిడ నవ్వు. నాతో ఫోన్లో చెబుతూ ఏడ్చేసింది, "మేం నవ్వుతూనే ఉన్నామండీ, ఆయన నిజంగా అడుగుతుంటే" అని.

నార్త్ బే ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు కాలివేళ్ళు నల్లబడ్డాయి, తీసెయ్యక్కర్లేదేమో అంటున్నారు. మనిషి మామూలుగానే ఉన్నాడు, నర్సులతో వాదిస్తున్నాడు. నిన్ను అడిగాడు. "షూటింగ్‌లో ఉంది" అన్నాను.

ఎవరిది తప్పని నేనిప్పుడు అడగను. ఆ నర్సు రాసిందీ, నీ మాటలూ అన్నీ వాడికి చదివి వినిపించాను. వాడికి తెలియకుండా వాడి గురించి మనిద్దరం ఇన్ని కాగితాలు నింపడం బాగోలేదనిపించింది. విని, పెన్ను కావాలన్నాడు.

వెర్నా


నార్త్ బే ఆసుపత్రి
23 డిసెంబర్

బ్రిజిట్ అమ్మాయికి,

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. అది మీ అత్తకీ నీకూ ఉన్న జబ్బు. కానీ ఎదురుగా చెప్పాలంటే సగంలో మాట జారిపోతోంది. కాగితం మీదైతే వెనక్కెళ్ళి చూసుకోవచ్చు.

నాకు తెలుసు. ఏప్రిల్‌లో సడ్బరీ వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాను. జబ్బు పేరు చెప్పాడు, మందులిచ్చాడు. పేరు ఇక్కడ రాయను, నీకు తెలుస్తుంది. మీకు చెప్పలేదు. చెబితే మీ ఇద్దరి మొహాలూ ఎలా అయిపోతాయో ముందే కనిపించింది.

ఆగస్టులో నీ నటుడు రానన్నప్పుడు నేనే చెయ్యెత్తాను. నీకు సాయం చేద్దామని కొంత. నేను నేనుగా ఉన్నప్పుడే ఒక బొమ్మ మిగలనీ అని కొంత.

ఆ ఫ్రిజ్ దగ్గర నిజంగానే పోయింది. అంతా పోయింది. తిరిగి వచ్చేసరికి మీరందరూ నవ్వుతున్నారు. అమ్మాయీ, ఏడాదిగా నేనేదైనా మర్చిపోతే ఎదుటివాళ్ళు జాలిపడతారని వణికిపోతూ బతికాను. ఆ రోజు మర్చిపోతే నవ్వారు. మొదటిసారి నాకు భయం వెయ్యలేదు. అందుకే తీసెయ్యకు అన్నాను. అందులో నీ తప్పు లేదు, నా తప్పూ లేదు.

ఆ శనివారం మధ్యలో బయటికెళ్ళిపోయింది సిగ్గుతో కాదు. ఆ పదకొండు సెకన్లలో నేనెక్కడికి పోయానో తెరమీద చూస్తే తెలుస్తుందేమో అనుకున్నాను. తెలియలేదు. అందుకే పార తీసుకున్నాను.

ఆ థండర్ బే ఆవిడ చెప్పింది నిజం. అది మీ అత్త రాయలేదు. మీ అత్త రాసుంటే అందులో గోడ కాగితం వచ్చేది.

సినిమా మీద నా అభిప్రాయం కూడా రాస్తున్నాను, ఎవరూ నన్ను అడగలేదు కాబట్టి. బాగుంది. మధ్యలో కొంచెం సాగింది. కుక్క సంగతి మాత్రం క్షమించను.

రెండో సినిమా నేను చేస్తాను. మార్చి వద్దు. ఫిబ్రవరి మేలు. ఎందుకో నీకు తెలుసు.

నువ్వు వచ్చాక ఈ మాట నువ్వే ఎత్తు. నాకు మొదలుపెట్టడం రాదు. నువ్వు మొదలుపెడితే నేను అందుకుంటాను.

నాన్న


టొరంటో
5 జనవరి 2009

అత్తా,

నేనిప్పుడే బస్సు దిగి ఇంటికొచ్చాను. కోటు కూడా తియ్యలేదు. కింద ఉత్తరాల డబ్బాలో నీ 20వ తేదీ ఉత్తరం, నాన్న 23వ తేదీ ఉత్తరం, రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. విండ్సర్‌లో ఉండగా నా ఇంటి మెషిన్‌కి ఫోన్ చేసి నీ సందేశం వినగానే "దొరికాడు" అన్న నీ మాట నాకు "తప్పిపోయాడు" అన్నట్టు వినిపించింది. ఇంటికి రాకుండా అక్కణ్ణించే బస్సెక్కేశాను. మంచుకి దారులు మూసేసి ఇరవై నాలుగున చేరాను కదా. అంటే నాన్న రాసింది నేనిన్నాళ్ళూ చదవనే లేదు.

అర్థమైందా అత్తా? పన్నెండు రోజులు ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. నేను మొదలుపెడతానని చూస్తూ. నేనేమో ఆయనకేమీ తెలియదు, తెలిస్తే కుంగిపోతాడని హాకీ గురించి, వాతావరణం గురించి, కాలికి కట్టు గురించి వాగుతూనే ఉన్నాను. నువ్వూ ఊరుకున్నావు. మేం మాట్లాడుకునే ఉంటామని నువ్వనుకున్నావు, కదూ? "ఉత్తరాలేమన్నా వచ్చాయా?" అని ఆయన నన్ను రెండుసార్లు అడిగాడు. "టొరంటోలో ఉంటాయిలే నాన్నా, బిల్లులు తప్ప ఏముంటాయి?" అన్నాను. తలూపాడు. నేను ఆయన ఊరికే ఏదో అంటున్నాడనుకున్నాను. రాశానో లేదోనని ఆయనకే అనుమానం వచ్చుంటుంది. అది తలుచుకుంటే ఈ గదిలో నిలబడలేకపోతున్నాను.

ఇందాక ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"నాన్నా, నీ ఉత్తరం చదివాను," అన్నాను.

"ఇప్పుడా?" అన్నాడు.

"ఇప్పుడే."

"మరి పన్నెండు రోజులు ఆ హాకీ గోలేంటి?"

"నాకు తెలీదు నాన్నా."

నవ్వాడు. "నేనే మతిమరుపు వాణ్ణనుకున్నాను," అన్నాడు. తర్వాత ఇద్దరం గంటన్నర మాట్లాడుకున్నాం. మధ్యలో రెండుసార్లు మాట జారింది ఆయనకి. నేను అందించలేదు. ఆగాను. తనే తెచ్చుకున్నాడు.

థండర్ బే ఆవిడ రాసిన దాని కింద నా పేరుతోనే రాశాను: "మీరు చెప్పింది నిజం. ఆయన మా నాన్న. మేం ఆలస్యంగా విన్నాం." నిన్ను నమ్మనందుకు నీకేం రాయాలో ఇంకా తెలియడం లేదు. నర్సుకి రాసినంత తేలిగ్గా నీకు రాయలేకపోతున్నాను.

చానల్ ఆవిడకి కూడా ఉన్నది చెప్పేశాను. "ఆయనకి ఇష్టమైతే ఫిబ్రవరికే పెట్టుకుందాం, లేకపోతే వద్దు" అంది. ఇప్పుడు నా బాధ అదే. నాన్న చేస్తానంటున్నాడు. కానీ నేను చేస్తున్నది ఆయనకి ఇష్టమైనదా, నాకు కావలసినదా? ఆ రెండూ నాలో కలిసిపోయి విడదీయడానికి రావడం లేదు. ఇంతకుముందు నూరుసార్లు చూసి కూడా చూడలేదు నేను. ఇకముందు చూస్తానని నాకే నమ్మకం లేదు. నువ్వు చెప్పు. ఇల్లు నీది. వద్దంటే వద్దు. నువ్వేమన్నా నేను కాదనను.

బ్రిజిట్


మట్టావా
12 జనవరి 2009

బ్రిజిట్ తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వంటింట్లో ఒకసారి, మేడమీద ఒకసారి, మిగతావి ఎక్కడో గుర్తులేదు. ఈ వారం నేనూ ఇంట్లో అటూ ఇటూ తిరగడమే.

నన్ను నమ్మలేదని ఏం రాయాలో తెలీదన్నావు. రాయక్కర్లేదు. నమ్మకుండా చేసింది నేనే కదా.

సినిమా సంగతి. మొదట వద్దనే రాద్దామనుకున్నాను, సగం పేజీ రాసి చించేశాను. వద్దనడానికి నేనెవర్ని? వాడు చేస్తానంటున్నాడు. ఇన్నాళ్ళూ వాడి గురించి నువ్వొకటి అనుకున్నావు, నేనొకటి అనుకున్నాను, ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళు టీవీ చూసి తలొకటి అనుకున్నారు. వాడి మాట ఒక్కటే ఎవరూ అడగలేదు. కాబట్టి చెయ్యనీ. కానీ మూడు మాటలు. రోజుకి నాలుగు గంటలే. వాడు మర్చిపోవాలని కథలో నువ్వు రాయకూడదు. వాడంతట వాడు మర్చిపోతే, ఉంచాలో తీసెయ్యాలో వాడే చెప్పాలి, ఆ రోజే చెప్పాలి. మూడోది, నేను ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నీ కెమెరాకి అడ్డమొచ్చినా సరే.

నిన్న మధ్యాహ్నం వచ్చాడు. భోజనం చేశాడు, బఠాణీలు ఉప్పగా ఉన్నాయన్నాడు. ఉన్నాయి కూడా. లేచేటప్పుడు జేబులోంచి ట్రక్కు తాళాలు తీసి బల్లమీద పెట్టాడు. నేను అడగలేదు తల్లీ. ఎలా అడగాలా అని పది రోజులుగా మథనపడుతున్నాను, ఒక్కసారి కూడా నోరు పెగల్లేదు. "ఇవి నీ దగ్గరుంచక్కా," అన్నాడు. "నేను మళ్ళీ అడుగుతాను. కోప్పడతాను కూడా. అయినా ఇవ్వకు."

"సరే," అన్నాను. తాళాలు తీసి నా జేబులో వేసుకున్నాను.

కోటు వేసుకుని కర్ర పట్టుకుని నడిచి బయల్దేరాడు. కాలు ఇంకా కొంచెం లాగుతోంది. తోడొస్తానంటే ఒప్పుకోడని తెలుసు, అందుకే అనలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. మంచు పడుతోంది, సన్నగా. వీధి చివర, మూల దగ్గర ఆగాడు. ఎడమకి చూశాడు. కుడికి చూశాడు. మళ్ళీ ఎడమకి చూశాడు. నేను కోటు అందుకుని తలుపు దాకా వచ్చేశాను.

కుడికి తిరిగాడు. వాడిల్లు కుడివైపే.

నువ్వు ఫిబ్రవరి దాకా ఆగకు. వచ్చే శుక్రవారం బస్సుకి వచ్చెయ్యి.

నీ అత్త,
వెర్నా